బూజు పట్టింది లెన్సుకా, బీరువాకా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన ఇంట్లో బీరువా పై అర వెతికితే, తోలు కేసులో చుట్టిపెట్టిన పాత కెమెరా ఒకటి దొరక్కపోదు. కేసు బొత్తాం విప్పగానే ముందు వాసన తగులుతుంది, ముసురు రోజుల్లో వసారాలో ఆరని చెప్పుల వాసన. ఎదురుగా చూస్తే లెన్సు శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి కాస్త వాలుగా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అంచు దగ్గర మొదలై నడిమి దాకా పాకిన సన్నని తెల్ల దారాలు, సాలెపురుగు అల్లడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన గూడులా కనిపిస్తాయి.

కొన్నేళ్ల కిందటైతే ఆ కెమెరా మళ్లీ కేసులోకి, కేసు మళ్లీ పై అరలోకి వెళ్లిపోయేది. లోపల కదిలే అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక పాత లెన్సులకు గిరాకీ తిరిగొచ్చింది. దానికి కారణం చిన్న కొలత. మర బిగించే ఎం42 లెన్సు తన అంచు నుంచి ఫిల్ము దాకా 45.46 మిల్లీమీటర్ల దూరం కోరుకుంటుంది. సోనీ ఇ-మౌంటు (మౌంటు అంటే లెన్సు తగిలే చోటు) కెమెరాలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగతా 27.46 మిల్లీమీటర్లకు బోలు గొట్టం ఒకటి తగిలిస్తే చాలు, మధ్యలో అద్దం ముక్క అవసరం లేకుండా పాత లెన్సు కొత్త కెమెరా మీద కూర్చుంటుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటు లెన్సుకు 46.5 మిల్లీమీటర్లు కావాలి. ఇప్పటి నికాన్ జెడ్‌లో ఉన్నది 16. అక్కడా అదే గొట్టం లెక్క. తాతల నాటి గాజుకు ఇలా మనవల కెమెరాలో చోటు దొరికింది.

చోటు దొరికింది గాని వైద్యుడు దొరకలేదు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన ఈ ఊళ్లలో కెమెరా విప్పే చెయ్యి కోసం చాలామంది అటు విశాఖపట్నమో ఇటు భువనేశ్వరో చూడాల్సిందే. పాత లెన్సు ఖరీదు కన్నా రానుపోను ఖర్చు, మజూరీ ఎక్కువవుతాయి. అందుకే ఇంట్లోనే విప్పే ప్రయత్నాలు. వాటిలో సగం ఎందుకు బెడిసికొడతాయో చూస్తే తప్పు ప్రతిసారీ చేతిదే కాదని తేలుతుంది. రోగం ఏమిటో పోల్చుకోకుండా మందు వేయడం ఒక కారణం. బాగుచేసిన లెన్సును మళ్లీ అదే బీరువాలో పెట్టడం రెండోది, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

గాలి చేసే పని

బూజు గాజును తినదు. వేలిముద్రల జిడ్డు, దుమ్ము, లెన్సు లోపలి గ్రీజు నుంచి లేచిన ఆవిరి, తోలు కేసు, ఇవే దాని తిండి. వాటి మీద ఎదుగుతూ అది వదిలే ఆమ్లాలు మాత్రం గాజు పైపూతను, ఆ తరువాత గాజునూ కొరుకుతాయి. ఆస్పర్జిల్లస్, పెనిసిలియం జాతుల బీజాలు లేని గాలి ఎక్కడా ఉండదు కాబట్టి, బూజు పట్టిన లెన్సు పక్కన పెట్టడం వల్లే మంచి లెన్సు చెడిందన్న భయంలో పెద్ద పస లేదు. బీజం ముందే అక్కడ ఉంటుంది, అది మొలకెత్తడానికి చెమ్మ కావాలి. గాలిలో తేమ 60, 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే నిలిస్తే మొలక మొదలవుతుంది.

ఈ సరిహద్దు ఊళ్లకు ఆ చెమ్మ రెండు దారుల్లో వస్తుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం, బరంపురం వైపు ఏడాది పొడుగునా ఉప్పుగాలి. అది అద్దాన్నే కాదు, లెన్సు లోహపు ఒంటినీ పట్టుకుంటుంది. అల్యూమినియం మీద తెల్లని పిండి లేస్తుంది, ఇనుప మరలు తమ గుంటల్లోనే తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. కోరాపుట్, జయపురం వైపు ఉప్పు లేదు గాని మంచు, మబ్బు, ఎడతెగని వాన ఉన్నాయి. కోరాపుట్ పట్టణం 870 మీటర్ల ఎత్తున ఉంటే, ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవ్‌మాలి శిఖరం 1,672 మీటర్లతో ఆ జిల్లాలోనే నిలబడింది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా అక్కడ బట్టలే ఆరవు, ఇక లెన్సు సంగతి చెప్పాలా? రాయగడ, గుణుపురం ఈ రెంటికీ నడుమ.

పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు ఇంకో బెడద ఉంది. ఏసీ కల్యాణమండపంలో 22 డిగ్రీలకు చల్లబడ్డ లెన్సును, 28 డిగ్రీల ఉక్కలో తేమ 85 శాతం ఉన్నప్పుడు బయటికి తెస్తే ఒక్క క్షణంలో చెమర్చేస్తుంది. ఆ గాలిలోని ఆవిరి 25 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది, లెన్సు అంతకన్నా చల్లగా ఉంది మరి. వెంటనే కండువా కొంగుతో తుడుస్తారు. కనిపించేది ఆరిపోతుంది. లోపలి అద్దాల మీద పట్టిన చెమ్మను తుడిచేవాళ్లెవరు? ఏసీలోంచి బయటికి వచ్చేముందు కెమెరాను జిప్పు సంచిలో మూసి, ఓ అరగంట ఆగి తీస్తే ఈ బాధ ఉండదు.

టార్చితో చూడాల్సినవి

లెన్సు విప్పాలా వద్దా అన్నది స్క్రూడ్రైవర్ పట్టకముందే తేలాలి. చీకటి గదిలో అపెర్చర్‌ను, అంటే లోపల రేకులతో ముడుచుకుని తెరుచుకునే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి, మరో వైపు నుంచి కంటిని అటూఇటూ కదుపుతూ చూడాలి.

చుక్కచుక్కగా మెరిసేది దుమ్ము. టార్చి వెలుగులో పాలపుంతలా కనిపించి గుండె గుభేలుమంటుంది గాని ఫోటోలో దాని జాడ ఉండదు. అద్దం మీది దుమ్మురేణువు ఫోకస్‌కు ఎంతో దూరంలో ఉంటుంది కనుక, దాని నీడ చిత్రమంతా పరుచుకుని మాయమైపోతుంది. దుమ్ము కోసం లెన్సు విప్పడమంటే ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే. ముందు అద్దం మీద ఒకటి రెండు గీతలున్నా అదే మాట. వెనక అద్దం మీద గీత ఉంటే మాత్రం ఆలోచించాలి, అది ఫిల్ముకు దగ్గర.

దారాలుగా, కొమ్మలుకొమ్మలుగా పాకింది బూజు. అద్దమంతటా సమంగా, పలచని మజ్జిగ పూసినట్టున్నది మసక. ఈ రెంటినీ ఒకటిగా చూడడం చాలా మామూలు పొరపాటు. మసక చాలావరకు ఫోకస్ కోసం అద్దాలను నడిపే మరచుట్టులోని పాత గ్రీజు ఏళ్ల తరబడి ఆవిరై అద్దాల మీద పేరుకున్న పొర. కిటికీని గాని, వెలిగే బల్బును గాని చట్రంలో పెట్టి ఫోటో తీస్తే నలుపు బూడిదరంగుకు దిగిపోతుంది, మొహాల మీద పొగ కమ్మినట్టుంటుంది. మసక తుడిస్తే సాధారణంగా పూర్తిగా పోతుంది. బూజు మాత్రం ఎంత ముదిరిందన్న దాన్ని బట్టి పోవచ్చు, లేదా దారాలు పోయి వాటి ముద్ర గాజు మీద ఉండిపోవచ్చు. తుడిచి చూసేదాకా ఆ సంగతి తెలియదు.

అంచున రంగురంగుల వలయాలో, నూనె మరకలాంటి ఇంద్రధనుస్సు పెచ్చులో కనిపిస్తే అది జిగురు వదలడం. రెండు అద్దాలను కలిపి అతికించడానికి పూర్వం కెనడా బాల్సం అనే చెట్టు బంకను వాడేవారు. పారదర్శకంగా, గాజుకు దగ్గరి వక్రీభవనంతో ఉండడం దాని గుణం. దశాబ్దాల వేడికి, చలికి అది అంచుల నుంచి విడివడుతుంది. వేడి పెట్టి విడదీసి, పాత బంక కడిగి, రెండు అద్దాల కేంద్రాలూ ఒకే గీత మీదికి తెచ్చి మళ్లీ అతికించడం ఇంటి బల్ల మీద కుదిరే పని కాదు. వలయం అంచుకే పరిమితమైతే దాని జోలికి పోకుండా వాడుకోవడమే మేలు.

పసుపు పట్టిన అద్దం సంగతి వేరు. పెంటాక్స్ వారి సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్1.4 లాంటి కొన్ని లెన్సుల్లో థోరియం కలిసిన గాజు వాడారు. కొద్దిపాటి రేడియోధార్మికత వల్ల ఆ గాజు ఏళ్లు గడిచేకొద్దీ టీ రంగులోకి మారుతుంది. దీనికి విప్పడం, కడగడం ఏవీ పనిచెయ్యవు. అతినీలలోహిత కాంతి పడేలా కొన్ని రోజులు ఉంచితే రంగు తగ్గుతుంది.

ఆ కిటుకు నోటా ఆ నోటా పాకి బూజుకు కూడా మందైపోయింది. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టినట్టు లెన్సును మేడ మీద ఎండలో పెడుతున్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బీజాలను చంపగల భాగాన్ని లెన్సులోని గాజే చాలావరకు ఆపేస్తుంది. లోపలి బూజుకు చేరేది తక్కువ. వేడి మాత్రం పూర్తిగా చేరుతుంది. వైశాఖపు ఎండలో లెన్సు నల్లటి లోహపు ఒళ్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, గ్రీజు పలచబడి అపెర్చర్ రేకుల మీదికి జారుతుంది. అంటే ఒక రోగానికి మందు వేసి ఇంకోదాన్ని తెచ్చుకోవడం. పైగా లెన్సు భూతద్దంలా పనిచేసి కింద పరిచిన గుడ్డను అంటించినా ఆశ్చర్యం లేదు.

మూడు దుకాణాల సరంజామా

పనిముట్ల కోసం పెద్ద నగరం వెళ్లక్కర్లేదు. చిన్న ఊళ్లో కూడా గడియారాల మెకానిక్ దగ్గర సన్న స్క్రూడ్రైవర్లు, పట్టకారు, గాలి ఊదే రబ్బరు బుడ్డి, కంటికి పెట్టుకునే భూతద్దం ఉంటాయి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, వాళ్లు ఐపీఏ అంటారు. మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్. స్పిరిట్ అని అడిగితే ఇచ్చే సర్జికల్ స్పిరిట్, కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజరు మాత్రం లెన్సుకు పనికిరావు. వాటిలో కలిపిన నూనెలు, గ్లిసరిన్ అద్దం మీద పొరగా మిగిలిపోతాయి.

స్క్రూడ్రైవర్ దగ్గర ఒక మెలిక ఉంది. జపాను లెన్సుల మీది ప్లస్ మరలు మనం మామూలుగా వాడే ఫిలిప్స్ కొలతవి కావు. జేఐఎస్ అనే జపాను ప్రమాణానికి చేసినవి, చూపుకు రెండూ ఒకటే. ఫిలిప్స్ మొన ఆ గుంటలో పూర్తిగా దిగదు. గట్టిగా తిప్పితే పైకి జారి గుంటను గుండ్రంగా కొరికేస్తుంది, ఆ తరువాత ఆ మరను ఎవరూ విప్పలేరు. ఉప్పుగాలి ఊళ్లలో మర ముందే బిగుసుకుని ఉంటుంది కనుక ప్రమాదం రెట్టింపు. మర తల మీద ఒక చుక్క అసిటోన్ వేసి పది నిమిషాలు ఆగాలి, లేదా సోల్డరింగ్ ఐరన్ మొనను కాసేపు ఆనించి వేడి చేయాలి. పాత లక్క వదులుతుంది. ఓపిక లేకపోతే లెన్సును అలాగే వదిలేయడం మంచిది. ఇంట్లో పాడైన లెన్సుల్లో బూజుకు బలైనవాటి కన్నా స్క్రూడ్రైవర్‌కు బలైనవే ఎక్కువ కనిపిస్తాయి.

విప్పకూడనివీ కొన్ని ఉన్నాయి. ఆటోఫోకస్ లెన్సుల లోపల కాగితంలా పలచని ఫ్లెక్స్ కేబుళ్లు తిరుగుతుంటాయి. ఒకటి చిరిగితే కథ ముగిసినట్టే. జూమ్ లెన్సుల్లో అద్దాల గుంపులు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి, వాటి కేంద్రం చెదిరితే చిత్రంలో ఒక మూల ఎప్పటికీ మసకే. మొదటిసారి చెయ్యి పెట్టేవాళ్లకు ఒకే ఫోకల్ దూరం గల మాన్యువల్ లెన్సు తగినది.

యాషికా మ్యాట్ ముందు అద్దం

అంతకన్నా తేలికైనది ఇంకొకటుంది, అదీ ఈ ఊళ్ల స్టూడియోల్లో విరివిగా మిగిలినదే. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తల వంచి చూసే రెండు కళ్ల కెమెరా, యాషికా మ్యాట్ 124జి. 1970లో వచ్చింది. కింది కన్ను 80 మిల్లీమీటర్ల ఎఫ్3.5 యాషినాన్. పాల్ రుడాల్ఫ్ 1902లో రూపొందించిన టెసార్ పద్ధతిలో నాలుగు అద్దాలు, మూడు గుంపులు. షట్టరు ఈ అద్దాల నడుమనే ఉంటుంది. కనుక ముందు భాగం, వెనక భాగం విడివిడిగా మర తిరిగి ఊడొస్తాయి.

పని ఇలా సాగుతుంది. వెనక తలుపు తీసి పెట్టుకోవాలి. వేగాన్ని బి మీద (నొక్కినంతసేపు షట్టరు తెరిచి ఉంచే గుర్తు), అపెర్చర్‌ను 3.5 మీద ఉంచి, హ్యాండిల్ తిప్పి, తాళం మర ఉన్న కేబుల్ రిలీజ్‌తో షట్టరును తెరిచి పట్టాలి. ఇప్పుడు వెనక నుంచి టార్చి వేస్తే ఏ గుంపు మీద బూజు ఉందో స్పష్టంగా తెలుస్తుంది. ముందు భాగాన్ని విప్పడానికి లోహపు పనిముట్టు అక్కర్లేదు. అద్దాన్ని తాకకుండా దాని చుట్టూ ఉన్న కడియం మీద మాత్రమే ఆనేలా, సరిపడే వ్యాసం గల రబ్బరు బిరడాను నొక్కి అపసవ్యంగా తిప్పితే కదులుతుంది. కదలకపోతే కడియం అంచున అసిటోన్ చుక్క. ఊడొచ్చిన వెంటనే షట్టరు మీద శుభ్రమైన కాగితం కప్పాలి. దాని రేకులకు చుక్క ద్రవం తగిలినా అతుక్కుపోతాయి, అప్పుడిక గడియారం లాంటి షట్టరును విప్పాలి.

అద్దాన్ని తుడిచేముందు ఊదాలి. ఈ ఒక్క అడుగు దాటవేయడం వల్ల జరిగే నష్టం ఎంతో పైపూత మందం చూస్తే తెలుస్తుంది. జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టిన ప్రతిబింబ నిరోధక పూత, మెగ్నీషియం ఫ్లోరైడుతో వేస్తే, సుమారు 100 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఇసుకరేణువుతో కలిపి గుడ్డను రుద్దితే అది ఆగుతుందా? పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి కొడుతుంది. గాలికీ గాజుకూ మధ్య ఎనిమిది ఉపరితలాలున్న లెన్సులో పూత అసలే లేకపోతే ఫిల్ముకు చేరేది 72 శాతమే. ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం ఒకటిన్నర శాతానికి తగ్గితే 88 శాతం దాటుతుంది. తప్పిపోయిన కాంతి అంతా ఊరికే పోదు, లోపలే అటూఇటూ కొట్టుకుని పొగమంచులా చిత్రం మీద పరుచుకుంటుంది. ఇలా చూస్తే ఒక ఉపరితలం మీద బూజు ముద్ర మిగిలినా నష్టం చిన్నదే. ఆ ముద్రను పోగొట్టాలని టూత్‌పేస్టుతో రుద్దడం అంతకన్నా పెద్ద నష్టం. గాజు వంపు కాంతి తరంగంలో చిన్న వంతు దాకా కచ్చితంగా చేసినది, పళ్లపొడి దాన్ని పల్లమూ మిట్టా చేసేస్తుంది.

ఊదాక, ఐపీఏతో తడిపిన లెన్సు టిష్యూతో నడిమి నుంచి అంచుకు సున్నాలు చుడుతూ ఒక్కసారి. టిష్యూ పారేసి కొత్తది. బూజు వదలకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా సమపాళ్లలో కలిపిన ద్రవాన్ని దూదిపుల్లతో అద్ది కొన్ని నిమిషాలు ఉంచి, తుడిచి, మళ్లీ ఐపీఏ. కిటికీలు తెరిచి చేయాల్సిన పని ఇది. ఇంట్లోని బ్లీచింగ్ ద్రవం ఏదీ దీని దరిదాపుల్లో ఉండకూడదు. వెనక భాగంలో అతికించిన జంట అద్దం ఉంది కాబట్టి దాన్ని ఏ ద్రవంలోనూ ముంచకూడదు, బంక అంచు తడవనివ్వకూడదు. అద్దాల పక్క అంచుకు వేసిన నల్లరంగు ఊడితే కాంతి అక్కడి నుంచి చెదురుతుంది. మాట్ నలుపు సన్న కుంచెతో తిరిగి వేయాలి.

ఈ కెమెరాలో ఫోకస్ కోసం ముందు పలక మొత్తం కదులుతుంది. కనుక ముందు భాగాన్ని చివరిదాకా బిగిస్తే కొలత దానంతటదే కుదురుతుంది. మడత కెమెరాల్లో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. ఆగ్ఫా ఐసొలెట్ లాంటివాటిలో ముందు అద్దాన్నే తిప్పి ఫోకస్ చేస్తారు, అది ఊడిందంటే కొలత పోయినట్టే. పైగా ఆగ్ఫా గ్రీజు ముదిరి ఆకుపచ్చ లక్కలా గట్టిపడడం పేరుమోసిన సంగతి.

కాగితమంత తేడా

రష్యా జెనిట్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 44-2 లాంటి లెన్సుకు వచ్చేసరికి అసలు చిక్కు మరచుట్టులో ఉంటుంది. ఫోకస్ రింగు తిప్పితే అద్దాలను ముందుకు, వెనక్కు నడిపే జంట మర అది. ఒక మామూలు మరకు మొదలు ఒకటే. ఈ మరచుట్టుకు చాలా మొదళ్లు ఉంటాయి, ఎక్కడ నుంచి ఎక్కించినా ఎక్కుతుంది. సరైనది మాత్రం ఒక్కటే. అందుకే అది విడిపోయే క్షణాన రెండు భాగాల మీదా ఎదురెదురుగా సూదితో గీత గీయాలి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీయాలి. వేగంగా తిప్పుతూ పోతే ఎప్పుడు విడిపోయిందో చేతికి తెలియదు. ఆ తరువాత ఒక్కో మొదలూ ప్రయత్నిస్తూ ఆదివారం గడిచిపోతుంది.

కొలత ఎంత సున్నితమో ఈ లెన్సు అంకెలతోనే చూడవచ్చు. ఫోకల్ దూరం 58 మిల్లీమీటర్లు. తిరిగి బిగించేటప్పుడు లెన్సు ఉండాల్సిన చోటు కన్నా 0.1 మిల్లీమీటరు ముందుకు నిలిచిందనుకుందాం. 58ని 58తో గుణించి 0.1తో భాగిస్తే 33,640 మిల్లీమీటర్లు, దాదాపు 34 మీటర్లు. ఆ లెన్సు అంతకు మించిన దూరాన్ని ఇక స్పష్టంగా చూడలేదు. వీధి చివరి గుడి కనిపిస్తుంది, దాని వెనక కొండ మసక. 0.1 మిల్లీమీటరు అంటే జిరాక్సు కాగితం ఒక్కటి మందం. అద్దాల గుంపు కింద కొన్నిసార్లు పలచని లోహపు వలయాలు ఉంటాయి. విప్పేటప్పుడు ఒకటి జారి బల్ల కిందికి దొర్లినా ఎవరూ గమనించరు. అనంతాన్ని, అంటే అతి దూరపు ఫోకస్‌ను, సరిచూడడానికి ఎదురింటి డాబా చాలదు, చందమామో కిలోమీటర్ల దూరంలోని కొండ శిఖరమో కావాలి.

గ్రీజు విషయంలో ఇంట్లో దొరికేదల్లా తప్పే. కుట్టుమిషను నూనె వేస్తే రింగు వెన్నలా తిరుగుతుంది, ఎండాకాలం తిరిగేసరికి అది అపెర్చర్ రేకుల మీద ఉంటుంది. వాజలైన్ ఒంటి వేడికే మెత్తబడుతుంది. మరచుట్టుకు చేసిన చిక్కని డాంపింగ్ గ్రీజు, అదీ పాత గ్రీజు పూర్తిగా కడిగాక, పంటి పుల్ల మొనతో తీసినంతే. రేకులకు మాత్రం ఏ నూనే అక్కర్లేదు, అవి పొడిగా ఉండాలి. రేకుల మీద నూనె ఉన్నా హీలియోస్ 44-2 లాంటి ప్రీసెట్ లెన్సును చేత్తో తిప్పి వాడుకోవచ్చు. కెమెరా మీట నొక్కగానే ముడుచుకోవాల్సిన ఆటో అపెర్చర్‌లో అయితే రేకులు ఆలస్యంగా కదిలి ప్రతి ఫోటో తెల్లబోతుంది.

తిరిగి పెట్టే చోటు

విప్పడానికి పుష్యం, మాఘం బాగుంటాయి. పొద్దెక్కి మంచు విడిచాక, ఫ్యాను ఆపి, నేల తడిగుడ్డతో తుడిచిన గదిలో. లెన్సు మూసినరోజు గది గాలి ఎలా ఉందో లోపలి గాలీ అలాగే ఉంటుంది. ఫోకస్ రింగు తిప్పినప్పుడల్లా కొంత మారుతుందనుకోండి. శ్రావణంలో ముసురు పట్టిన మధ్యాహ్నం ఎంత బాగా తుడిచి మూసినా ప్రయోజనం సగమే.

తుడిచిన లెన్సును తిరిగి తోలు కేసులో పెట్టకపోవడం అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని వినేవాళ్లు తక్కువ. కేసు అందంగా ఉంటుంది, తాతగారి పేరు చెక్కి ఉంటుంది. పది లీటర్ల డబ్బాలో 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ గల గాలి నిండితే అందులోని నీరు పావు గ్రాము. అంతే. తోలు, అట్ట, స్పాంజి మాత్రం గ్రాముల కొద్దీ నీటిని పీల్చి నెమ్మదిగా వదులుతూ ఉంటాయి. కేసును గోడకు తగిలించుకోవచ్చు, డబ్బాలో లెన్సు ఒక్కటే ఉండాలి. అలాగే కలరా ఉండలు, ముద్ద కర్పూరం. బట్టల మధ్య వేసినట్టు వీటిని లెన్సు పక్కన వేస్తే ఆవిరై అద్దాల మీద పొరగా చేరతాయి. బియ్యం పిండి రాలుస్తుంది, ఆ పిండి బూజుకు తిండే.

పాత స్టూడియోల్లో బీరువా కింది అరలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. దాన్ని కొందరు చాదస్తమనుకుంటారు గాని లెక్క సరిగ్గానే ఉంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 34 డిగ్రీలకు వెచ్చబరిస్తే, నీటి మొత్తం అంతే ఉన్నా తేమ 60 శాతానికి దిగుతుంది. బూజు మొలకెత్తే గీత దగ్గరికి వచ్చినట్టే. ఇబ్బంది కరెంటుతో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు నుంచి గజపతి జిల్లా మీదికి వచ్చినప్పుడు ఈ ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. బల్బు ఆరిన బీరువా, తడిసిన గోడలు, మూసిన తలుపులు. బూజుకు అంతకన్నా ఏం కావాలి?

అక్కడే రబ్బరు అంచు మూత గల ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పనికొస్తాయి. వంద గ్రాముల జెల్ తన బరువులో ఐదో వంతు నీరు పట్టుకుంటుందనుకున్నా 20 గ్రాములు. మూత తీసినప్పుడల్లా పావు గ్రాము లోపలికి వస్తుంది, అంటే ఎనభైసార్లు తెరవవచ్చు. మూత సందుల్లోంచి దూరేదాన్ని కలుపుకుంటే అంతకన్నా తక్కువే. కొన్ని వందల రూపాయల తేమకొలత గడియారం ఒకటి లోపల పెట్టి ముల్లు 40, 50 మధ్య నిలిచేలా చూస్తే సరి. 30 కన్నా తగ్గితే గ్రీజు ఎండుతుంది. నీలం గింజలు గులాబీకి తిరిగితే జెల్ నిండినట్టు. ఆ రంగుకు కారణం కోబాల్టు క్లోరైడ్, విషం. వంటకు ఇక ఎన్నడూ వాడబోని మూకుడు ఒకటి పక్కన పెట్టుకుని, గ్యాసు పొయ్యి సన్నసెగ మీద నెమ్మదిగా కలుపుతూ వేడి చేస్తే గింజలు తిరిగి నీలానికి వస్తాయి. చల్లారాకే డబ్బాలో వేయాలి.